గొంగడి వాసన

గ్లోరీ ఎలుకలు బుద్ధిమంతులు. నావే దరిద్రపువి.

మహబూబ్‌నగర్‌లోని మా ప్రయోగశాలలో ఇద్దరిదీ ఒకే పని. సగం ఎలుకలకు రోజూ ఒత్తిడి హార్మోను సూది, సగానికి ఉత్త ఉప్పునీళ్ల సూది. మూడు వారాలయ్యాక వాటిని నాలుగు దారులున్న చెక్క మీద వదలాలి. రెండు దారులకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. బెదిరిన ఎలుక గోడల చాటునే నక్కుతుంది. చివర్లో మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఎంత తగ్గిందో చూడాలి. ఎవరి ఫలితాలు బాగుంటే వాళ్లను అమరేందర్ సార్ బెంగళూరు ల్యాబుకు పంపుతారు. ఒక్కరినే.

మొదటి విడతలో గ్లోరీకి అన్నీ అనుకున్నట్టే వచ్చాయి. నా ఉప్పునీళ్ల ఎలుకలు కూడా గోడల చాటునే వణికాయి. గొర్లమందలో పుట్టి పెరిగినదాన్ని, జీవాల సంగతి నాకంటే దానికి ఎక్కువ తెలుసా? దాని నవ్వు చూస్తేనే ఒళ్లు మండేది.

సార్ ఇంకో విడత చేయమన్నారు. ఆ రోజే గ్లోరీ నా దగ్గరికొచ్చింది.

"శైలజక్కా, ఏమనుకోకు. నీ గొంగడి మీద ఇంట్ల కుక్క పండ్తదంటివి గద. దాన్ని తెచ్చి నీ పంజరాల పక్కనే తగిలిస్తున్నవ్. గా వాసనకు బెదురుతున్నయేమో, జర బయట పెట్టి చూడు."

పొద్దుటి బస్సులో చలికి బాపు గొంగడి కప్పుకొని వస్తాను. నాకు తిక్కరేగింది.

"మా గొంగడి కంపు నీకు పడ్తలేదని చెప్పరాదు!"

మర్నాటి నుంచి రోజూ అందరికంటే ముందే వచ్చి, గొంగడిని సంచిలో కుక్కి, మూతి కట్టకుండా గదిలో ఆ చివరనున్న గ్లోరీ పంజరాల కిందికి తోసేదాన్ని. సాయంత్రం అది వెళ్లాక తీసుకునేదాన్ని.

మూడు వారాలకు నా ఉప్పునీళ్ల ఎలుకలు చెక్కంతా దర్జాగా తిరిగాయి. గ్లోరీవి ఒక్కటీ గోడ దాటలేదు. అబద్ధమెందుకు, నాకు పండగలా అనిపించింది.

"మెదళ్ల పరీక్ష తర్వాత చూద్దాం. బెంగళూరుకు నువ్వే పో శైలజా," అన్నారు సార్.

గ్లోరీ నా చేతులు పట్టుకుంది. ఏడ్చినట్టుంది, కళ్లు ఉబ్బాయి.

"నా మాట ఇన్నవ్, మంచిగైంది అక్కా. నా చేతులల్లనే ఏదో లోపముంది. ఇగ జీవాలను ముట్టను. మానేస్తున్న."

అది వెళ్లాక వంగి సంచి లాగాను. పైన పంజరాల్లో ఎలుకలన్నీ ఒక్కసారిగా మూలకు ఒదిగాయి. నా ముఖం చూసి బెదిరినట్టే అనిపించి, తల ఎత్తలేకపోయాను.

సంచి చంకన పెట్టుకొని సార్ గది తలుపు కొట్టాను.