గీత దాకా నీళ్లు

పొద్దున లేవగానే నా మొదటి పని మా ఆయన గంగాధర్ స్నానానికి రెండు బకెట్ల నీళ్లు తోడిపెట్టడం. 2003 ఎండాకాలం. అనంతపురంలో మా కాలేజీ క్వార్టర్సుకు ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. మా అత్త సిద్దమ్మా, నేనూ చెరొక చెంబుతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టుకునేవాళ్లం. ఆయన నెత్తిన గుమ్మరించుకునే చప్పుడు వంటింట్లోకి వినిపించేది.

క్వార్టర్సు వెనకే ల్యాబు. అందులో నా పీహెచ్‌డీ కోసం కట్టించుకున్న సన్నటి, పొడవాటి గాజు తొట్టి ఉంది. ఒక చివర పలకను ఊపితే అల పుడుతుంది. రెండో చివర సముద్రపు అడుగులా ఏటవాలుగా పెట్టిన చెక్క మీదికి ఎక్కుతుంది. కొంత అక్కడే సద్దుమణిగి, మిగిలింది వెనక్కి తిరుగుతుంది. ఎంత వాలుకి ఎంత తిరుగుతుందో కొలవాలి. అసలు సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే, అదీ పెళ్లికి ముందు.

"తాగేకి లేక జనం సస్తాంటే, నా పెండ్లాం నీళ్లతో ఆడుకుంటాండాది సార్," అని ఆయన స్టాఫ్ రూములో అంటే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ల్యాబు కిటికీలోంచి, ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని తోసుకుంటున్న అత్త కనిపిస్తే మాత్రం తలెత్తలేకపోయేదాన్ని. ఆ సిగ్గుతోనే తొట్టిని ఎప్పుడూ, నీళ్లు ఎంత ఉండాలో గాజు మీద గుర్తు పెట్టిన గీత దాకా నింపలేదు. ఎండకి ఇగిరినా మళ్లీ పోయలేదు. ఉన్న నీళ్లకే దుప్పటి కప్పి దాచుకుంటూ కొలతలు తీశాను.

నిన్న విశాఖపట్నం నుంచి గైడు మేడం వచ్చారు. "లోతు చాలక అలలు వాలు మీదే విరిగిపోతున్నాయమ్మా సరళా. తిరగాల్సినంత తిరగట్లేదు. ఈ కొలతలేవీ పనికిరావు. నెలాఖరులోగా మళ్లీ తీయకపోతే నీ పీహెచ్‌డీ పోతుంది. ఎందుకు నింపలేదు?"

సిగ్గేసి నింపలేదని చెప్పడానికి మరింత సిగ్గేసింది. పక్కనే ఉన్న మా ఆయన, "నేను ముందే చెప్పినా మేడం, ఈమెకి ఇవన్నీ అయ్యేవి కావని," అన్నారు. నేను టీ పెట్టడానికి వెళ్లాను. పెట్టమని ఎవరూ అడగలేదు. స్టవ్ ముందు నిలబడితే నా మీద నాకే అసహ్యం వేసి ఏడుపొచ్చింది.

సాయంత్రం అత్తకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఎన్ని నీళ్లు తక్కువైనాయే?" అంది.

"రెండు బకెట్లు ఉంటే చాలు అత్తా."

"అంతేనా?" అని, చేట కింద పెట్టి బాత్రూం తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. నా రెండు బకెట్లకి ఇన్ని నెలలు సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన రెండు బకెట్లకి ఎవరం సిగ్గుపడలేదు. నేనైతే రోజూ నా చేతులతోనే తోడి పెట్టాను.

ఈ పొద్దున కూడా రెండు బకెట్లు తోడాను. బాత్రూం దాటి ల్యాబుకి మోశాను. రెండో బకెట్ అత్త పట్టుకుంది. నీళ్లు గీతను తాకాయి. పలక ఊపాను. అల వాలెక్కి, విరగకుండా నా వైపు తిరిగి వస్తుండగా ఇంట్లోంచి కేక వినిపించింది.

"నా నీళ్లు యాడ?"

"చెంబు ఆడే ఉండాది, చూసుకోండి," అన్నాను, అల మీంచి చూపు తిప్పకుండా.