పడవ ఎటు తిరిగింది

మా జాలరి పల్లె క్రెయిగ్‌హోలో, సముద్రంలో చిక్కుకున్నవాళ్లను కాపాడే లైఫ్‌బోటుకి షెడ్డు కట్టింది మా అమ్మమ్మ కాలంలో. ఒడ్డున నిలబడ్డ జనం కళ్ల ముందే ఒకనాడు పద్నాలుగు మంది జాలర్లు మునిగిపోయారు, ఆ తర్వాత కట్టారు. అప్పటినుంచీ ఒకటే పద్ధతి. తెడ్లు వేసేది మగవాళ్లు, పడవను చక్రాల బండి మీద నీళ్లదాకా లాగేది ఆడవాళ్లు. గుర్రాలు అలలకు బెదురుతాయి, మేం బెదరమని పెగ్గీ పిన్ని గొప్పలు పోయేది. నిజం చెప్పాలంటే మేమూ బెదిరేవాళ్లమే.

1904 ఫిబ్రవరిలో ఒక ఉదయం నేనూ, మా చెల్లెలు డోర్కస్ మా గుమ్మంలో కూర్చుని గాలాలకు ఎర గుచ్చుతున్నాం. తెల్లవారుతూనే అయిదు పడవలు వేటకు వెళ్లాయి. పదింటికల్లా గాలి ఈశాన్యానికి తిరిగి సముద్రం పొంగింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు వస్తున్నాయి. డోర్కస్ వేలికి గాలం దిగింది. అయినా చూసుకోలేదు.

"నాలుగే వచ్చాయక్కా," అంది.

రానిది ఆమె భర్త నెడ్ పడవ. తోడుగా ముసలి ఎఫ్రాయిము ఉన్నాడు.

"నెడ్‌కి సముద్రం కొత్తా? దక్షిణాన ఏదో రేవుకి పోయుంటాడులే," అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అంతలో షెడ్డు దగ్గర లైఫ్‌బోటు వాళ్లను పిలిచే తారాజువ్వలు రెండు పేలాయి. నెడ్ కోసమేననుకుని పరుగెత్తాం. కాదు. ఉత్తరాన నల్లపెట్ట అని మేం పిలిచే రాళ్ల మీదికి నార్వే ఓడ ఒకటి ఎక్కింది. తొమ్మిది మంది తెరచాప కొయ్యను కరుచుకుని ఉన్నారట.

మా ఆయన కత్‌బర్ట్ లైఫ్‌బోటుకు సరంగు. నీళ్లలో తేల్చే బెండ్ల కోటు బిగించుకుంటూ, "ఇక్కడ దించితే కెరటాలు పడవని మన మీదికే విసిరేస్తాయి. కొండముక్కు అవతలికి లాగాలి," అన్నాడు.

అరమైలు తడి ఇసుక. ముప్పై మందిమి తాళ్లు పట్టాం. చక్రాలు దిగబడ్డప్పుడల్లా భుజాలు ఆనించి పైకి లేపేవాళ్లం.

"లాగండే! పెళ్లి ఊరేగింపులో నడుస్తున్నారేంటి!" పెగ్గీ పిన్ని వెనకనుంచి కేకలేసింది.

"అరిచే ఊపిరితో నువ్వూ లాగితే ఈపాటికి చేరేవాళ్లం పిన్నీ," అని ఎవరో అన్నారు. నలుగురు నవ్వారు. నా ముందు తాడు లాగుతున్న డోర్కస్ మాత్రం తలెత్తలేదు.

నడుము లోతు నీళ్లలోకి పడవను దించేశాం. సరిగ్గా అప్పుడే కొండముక్కు మీది కాపలావాడు రొప్పుతూ దిగివచ్చాడు.

"దక్షిణాన పడవొకటి బోర్లా పడుంది! ఇద్దరు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు!"

"ఆయనే! బావా, ముందు ఆయన దగ్గరికెళ్లు! నీ కాళ్లు పట్టుకుంటా బావా!" డోర్కస్ పడవ అంచు పట్టుకుంది.

కత్‌బర్ట్ ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. అతను డోర్కస్ వేళ్లు మెల్లగా విడదీశాడు. తెడ్లు పడ్డాయి.

కెరటాలు దాటాక పడవ క్షణంసేపు అక్కడే ఊగింది. తర్వాత దాని ముందుభాగం ఉత్తరానికి తిరిగింది.

డోర్కస్ నీళ్లలోనే కూలబడింది. నేను లేపబోతే చెయ్యి విదిలించుకుంది.

"నీ మొగుడు నా మొగుణ్ణి చంపేశాడక్కా."

"అక్కడ తొమ్మిది మంది ఉన్నారే..."

"నాకు లెక్కలు చెప్పకు!"

రెండు గంటలు గడిచాయి. వాన మధ్య పడవ కనిపించేది, పోయేది. నాకు రెండు భయాలు. కత్‌బర్ట్ రాడేమోనని ఒకటి. వస్తే డోర్కస్ ముందు ఎలా నిలబడాలా అని రెండోది.

వచ్చారు. తొమ్మిది మంది నార్వే వాళ్లనీ భుజాల మీద దించుకున్నాం. వాళ్ల వెనకాలే ఆ ఓడ రెండు ముక్కలై రాళ్లలో కలిసిపోయింది. మావాళ్ల అరచేతులు తెడ్లకు ఒరుసుకుపోయాయి. కత్‌బర్ట్ దిగనే లేదు.

"తొయ్యండి. మళ్లీ వెళ్తున్నాం."

అందరికంటే ముందు భుజం ఆనించింది డోర్కస్.

పొద్దు వాలకముందే తిరిగొచ్చారు. పడవలో ఎఫ్రాయిము ఒక్కడే ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. డోర్కస్‌ని చూసి అతనే చెప్పాడు.

"వీళ్లు రావడానికి అరగంట ముందుదాకా నెడ్ మాట్లాడుతూనే ఉన్నాడమ్మా. లైఫ్‌బోటు ఓడవైపు పోవడం చూశాడు. 'అక్కడ అయిపోగానే మా తోడల్లుడు ఇటొస్తాడు, గట్టిగా పట్టుకో తాతా' అని నన్నే ఉత్సాహపరిచాడు. తర్వాత ఆ చేతులే వదిలేశాయి."

ఆ ఏడాదంతా డోర్కస్ మా గడప తొక్కలేదు. చర్చిలో మా పక్కన కాకుండా వెనక బల్లలో కూర్చునేది. నార్వే నుంచి ధన్యవాదాల ఉత్తరం వస్తే కత్‌బర్ట్ విప్పకుండా షెడ్డులో పెట్టేశాడు. నాతో మాత్రం ఒక్కసారి అన్నాడు.

"ఎక్కువ మంది ఉన్నారని తిరగలేదు హెస్టర్. ఓడ ముందు విరుగుతుందనుకున్నా. నెడ్ బలమైనవాడు, తట్టుకుంటాడనుకున్నా. మొదటిది నిజమైంది."

మరుసటి శీతాకాలం, పట్టపగలే మళ్లీ తారాజువ్వలు పేలాయి. నేను చేరేసరికి తాడు మొదట్లో డోర్కస్ నిలబడి ఉంది. కత్‌బర్ట్ ఆమె దగ్గర ఆగాడు. "డోర్కస్, ఆ రోజు..." అన్నాడు.

"తాడు లాగడానికొచ్చాను బావా, మాట్లాడ్డానికి కాదు," అంది. తర్వాత అతని బెండ్ల కోటు చూసి, "ఆ ముడి సరిగ్గా బిగించుకో," అంది.

అతను బిగించుకున్నాడు. మేం లాగాం.