పేరు కలవలేదు

మిషన్ ఆసుపత్రికి కంప్యూటర్ వచ్చిన ఏడాది, గుంటూరులో ప్రేమదాసుకి కళ్లు నెత్తికెక్కాయి. తన ఏసీ గదిలోకి ఎవరైనా చెప్పులు విప్పి రావాల్సిందే. మద్రాసులో నాలుగు నెలలు నేర్చుకొచ్చిన విద్యకి ఇంత పొగరెందుకని అడిగే ధైర్యం సూపరింటెండెంట్ జక్రయ్యగారికే లేదు.

ఆ చలికాలం ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్లకి క్యాంపు పెట్టారు. పోస్టులో కార్డు అందినవాళ్లకే ఆపరేషన్. ప్రేమదాసుని పెంచిన పిన్ని మార్తమ్మ కూడా పేరు ఇచ్చుకుంది. చిలకలూరిపేట పక్క పాలెంలో పత్తి తీసి, మిరపకాయలు కోసి వాణ్ణి చదివించిన మనిషి. ఇప్పుడామెకి కాయేదో ఆకేదో కనపడటం లేదు. పిన్నికి చూపు రావాలని వాడికీ ఉంది, అబద్ధమెందుకు.

పాస్టర్లు రాసిచ్చిన పేర్లని, కళ్ల పరీక్షప్పుడు రేషన్ కార్డు చూసి రాసుకున్న పేర్లతో పోల్చి చిరునామాలు అచ్చుకొట్టడం కంప్యూటర్ పని. మొదలెట్టగానే తప్పుల కాగితం చాంతాడంత బయటికొచ్చింది. వరసవరసకీ ‘పేరు కలవలేదు’ అని ఇంగ్లీషులో ఒకటే గోల. కంప్యూటర్ మిషన్ చెడిందేమోనని జక్రయ్యగారు కంగారుపడ్డారు.

“మిషన్‌కేమండీ, శుభ్రంగా ఉంది. చర్చిలో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు. సొంత పేరేదో తెలియని మందకి మనం కార్డులు పంపాలా?” అన్నాడు ప్రేమదాసు.

పాలెంలో బాప్తిస్మం పేరు వేరు, రిజర్వేషన్ పోకుండా సర్కారు కాగితాల్లో పేరు వేరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాడే. అంతెందుకు, ఈ ప్రేమదాసు అయ్యగారి సర్టిఫికెట్లలో పేరు అంకమ్మరావు. తనకైతే అది సౌకర్యం, పాలెంవాళ్లకైతే తెలివితక్కువతనం!

ఒక్కొక్కరినీ విచారిద్దామని జక్రయ్యగారు నసిగారు. ఆ పేర్లన్నీ చదువుతూ కూర్చోవడం ప్రేమదాసుకి నామోషీ. తన మనిషి ఆ మందలో ఉంటుందని ఊహకైనా రాలేదు. కలవని వరసలన్నీ ఒక్క దెబ్బతో తీసిపారేసి మళ్లీ నడిపాడు. తప్పుల కాగితం తెల్లగా వచ్చింది. దాన్ని జక్రయ్యగారి బల్లమీద పరిచి టీకి వెళ్లాడు.

క్యాంపులో సగం మంచాలు ఖాళీగా ఉండిపోయాయి. పిలిచినా రాని బద్ధకస్తులని తిట్టుకున్నాడు. మద్రాసు నుంచి వచ్చిన డాక్టర్లు వెళ్లిపోయాక ఆదివారం పాలెం వచ్చాడు. గుమ్మంలో కూర్చున్న పిన్ని అడుగుల చప్పుడు విని ఎవరని అడిగింది. క్యాంపుకి ఎందుకు రాలేదని కసిరాడు. కార్డు రాలేదని, రోజూ పోస్టుమాన్‌ని అడిగానని చెప్పింది.

అప్పుడు తెలిసింది వాడికి, తను ఏం చేశాడో.  ఆమె రేషన్ కార్డులో పిచ్చమ్మ అని ఉండటంతో మిషన్ ఒప్పుకోలేదని ఎలాగో గొణిగాడు.

మార్తమ్మ వాడి గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

“మిషన్‌కంటే తెలియదు,” అంది. “నా రెండు పేర్లూ నీకు తెలుసుగా నాయనా.”