దుర్గికి మిగిలిన రోజు

మూడో దోసె పెనం మీద ఉండగా దొరికిపోయాను.

"అమ్మాయ్, మొన్న సత్తెనపల్లి వాళ్ళకి ఏ జాకెట్ గుడ్డ పెట్టావు?" అని అడిగింది మా అత్తగారు సీతారావమ్మ. ఫోన్ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గొంతు తగ్గించి అడిగిందంటే విషయం పెద్దదే.

"చిలకాకుపచ్చది అత్తయ్యా. నారింజరంగు అంచు."

"అయిపోయింది" అంది. "అది పోయినేడు వాళ్ళు నీకు పెట్టిందేనంట. మీ చిన్నత్త రాసిన పసుపు మూలన అట్టాగే ఉందంట. నేనిచ్చింది నా మొహానే కొట్టింది మీ కోడలు అని ఒకటే ఏడుపు."

దోసె మాడింది. మాడిన దోసె నా పళ్ళెంలో వేసుకుని ఇంకో గరిటె పిండి పోశాను.

ఈ గుడ్డలతో ఎవరూ జాకెట్ కుట్టించుకోరు. మస్కట్ నుంచి వచ్చిన కోడలు చుట్టాలందరికీ కనిపించి రావాలి. వెళ్ళిన ప్రతి ఇంటా బొట్టు పెట్టి, మూలన పసుపు రాసి ఒక గుడ్డ చేతిలో పెడతారు. వాళ్ళు మనింటికి వస్తే మనమూ అలాగే పెట్టాలి. ఒకరిచ్చింది ఇంకొకరికి పోతుంది. ఆ ఇంకొకరు మూడో ఊళ్ళో మరొకరికి పెడతారు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరికీ తప్పు కాదు. తప్పల్లా ఒక్కటే. ఇచ్చిన మనిషికే తిరిగి వెళ్ళకూడదు. ఏ గుడ్డ ఎవరిదో గుర్తుపెట్టుకోవడం ఆడవాళ్ళ పని. నేను ఏడాదంతా మస్కట్‌లో సరుకు రవాణా కంపెనీ లెక్కలు చూస్తాను, ఏ కంటెయినర్ ఎక్కడుందో నిద్రలో అడిగినా చెబుతాను. ఈ గుడ్డల దగ్గర ఓడిపోయాను. మొన్న పన్నెండుమందికి వండి వడ్డించి, వాళ్ళు వెళ్తామని లేచేసరికి బీరువాలో చేతికందింది తీసి పెట్టేశాను.

హాల్లోంచి మామయ్య గోపాలరావు గారి గొంతు వినిపించింది. "ఆ మాత్రం చూసుకోవద్దూ? మా తమ్ముడి ముందు నేనేం మొహం పెట్టుకోను?" మామయ్యకు నరసరావుపేటలో బట్టల కొట్టుంది. ఆ కొట్టులో జాకెట్ గుడ్డలు థానులు థానులుగా ఉంటాయి. అయినా నాలుగు కొత్తవి తెమ్మని ఆయనకు చెప్పాలని నాకెప్పుడూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు.

మా ఆయన యోగేశ్ టిఫిన్ దగ్గర కూర్చుని తీర్పు చెప్పేశాడు. "ఏముంది, రేపు పొద్దున ఇద్దరం సత్తెనపల్లి వెళ్దాం. పొరపాటైంది అని ఒక్క మాటంటే పిన్ని కరిగిపోద్ది. వాళ్ళింట్లో భోంచేసి వచ్చేద్దాం."

"రేపు దుర్గి వెళ్ళాలి కదా."

"దుర్గి వచ్చే ఏడు చూద్దాంలే భవితా. ఎల్లుండి ఫ్లైటు. మీ పెద్దమ్మ ఏమీ అనుకోదు."

చెడ్డమనిషి కాదు యోగేశ్. మస్కట్‌లో నాకు జ్వరం వస్తే చారు పెడతాడు. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం కుర్చీలోంచి లేవడు. అక్కడ తను పనిచేసే సైటులో పని తగ్గేది వేసవిలోనే కాబట్టి, మాకు సెలవూ అప్పుడే. ఆఫీసులో నా పక్క సీటు మలయాళీ పిల్ల ఒక ఏడు ఊరికి వెళ్తుంది, ఒక ఏడు జార్జియా అని, వియత్నాం అని ఎక్కడికో పోతుంది. మంచులో నిలబడిన ఫొటో తెచ్చి చూపిస్తుంది. "మనమూ ఒకసారి వెళ్దామా?" అని అడిగితే యోగేశ్ నవ్వుతూ అనే మాట, "మనవాళ్ళని చూడొద్దా?" మనవాళ్ళని చూడొద్దని ఎలా అంటాం? కానీ చుట్టాల ఇళ్ళల్లో యోగేశ్ హాల్లో ఏసీ కింద కూర్చుంటే, "మన పిల్లేగా" అంటూ నన్ను వంటింట్లోకి తీసుకుపోతారు. చట్నీకి పప్పులు వేయిస్తూ మనవాళ్ళ వీపులే ఎక్కువ చూశాను. తిరిగి వెళ్ళాక మా మేనేజర్ అడుగుతాడు, "హాలిడే బాగా గడిచిందా? ఫ్రెష్‌గా ఉన్నావా?" అని. ఆ వారమే కొత్త ఫైళ్ళు నా టేబుల్ మీద పడతాయి.

అన్నీ సరే. "మీ పెద్దమ్మ ఏమీ అనుకోదు" అన్న మాట దగ్గర మాత్రం నా చెయ్యి ఆగింది. నిజమే, అనుకోదు. ఇన్నేళ్ళూ అనుకోలేదు. అందుకే కదా, అలిగేవాళ్ళకి రెండుసార్లు, అలగనివాళ్ళకి వచ్చే ఏడు.

పొయ్యి ఆపాను.

"నేను దుర్గి వెళ్తాను. అది కూడా రేపు కాదు, ఇవ్వాళే. సత్తెనపల్లి నువ్వెళ్ళు. నీ పిన్నేగా."

"నేనా? జాకెట్ గుడ్డల గురించి నేనేం మాట్లాడతాను?"

"పొరపాటైంది అని ఒక్క మాట. కరిగిపోతుందన్నావుగా."

మామయ్య పేపరు దించారు. అత్తయ్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గిందో, నవ్విందో తెలియలేదు. యోగేశ్ బండి తాళాలు తీసుకుని నన్ను బస్టాండులో దింపాడు. బస్సు కిటికీ దగ్గరకి వచ్చి మంచినీళ్ళ సీసా అందిస్తూ, "కోపమా?" అన్నాడు.

"కాదు. పిన్ని పచ్చిపులుసు చేస్తే రెండోసారి అడిగి వేయించుకో. సంతోషిస్తుంది."

మాచర్ల బస్సు దుర్గిలో దింపేసరికి ఎండ మండిపోతోంది. రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో ఉలుల చప్పుడు, రాతి పొడి. ఆ పక్కనే పెద్దమ్మ కిరాణా కొట్టు. మా పెద్దమ్మ వెంకటలక్ష్మి నన్ను పెంచింది. అమ్మ పోయినప్పుడు నేను పలకా బలపం వయసులో ఉన్నాను. అప్పటికే పెదనాన్న లేడు. అందరూ ఎలా బతుకుతుందో అనుకుంటుంటే ఆవిడ కొట్టు పెట్టింది. ఏటా వేసవిలో ఆ కొట్టుకు తాళం వేసి, నన్ను వెంటేసుకుని ఎక్కడికో ఒకచోటికి బస్సెక్కేది. ఎత్తిపోతల దూకే నీళ్ళు, సాగర్ గేట్లు, ఒకసారి రైల్లో పూరీ దాకా. "సముద్రం చూడకుండా చచ్చిపోతే దేవుడు అడగడూ?" అనేది.

నన్ను చూసి త్రాసు వదల్లేదు. "రేపు కదా వస్తానంది? ఏమే, మొగుడితో పోట్లాడొచ్చావా?"

"లేదు పెద్దమ్మా. జాకెట్ గుడ్డతో."

అంతా చెప్పాను. శనగపప్పు పొట్లం కడుతూ కడుతూ నవ్వి, దారం తెంపుకుంది. కొనడానికి వచ్చిన చిన్నారి అనే శిల్పి, "ఏందమ్మోయ్, పప్పంతా ఒలకబోస్తన్నావు" అన్నాడు.

"నీకేం తెలుసురా ఒరేయ్, ఇది ఆడాళ్ళ కోర్టు" అని అతన్ని పంపించేసి, నాకు స్టూలు జరిపింది. మజ్జిగ ఇచ్చింది. అప్పుడు అడిగింది, ఏటా అడిగేదే. "ఇంతకీ ఈ ఏడు ఏం చూశావే?"

"సత్తెనపల్లి, చిలకలూరిపేట, వినుకొండ..."

"అవి నేనూ చూశాలే. దానికి ఇమానం ఎందుకు?"

నవ్వబోయాను. నవ్వు మధ్యలో కళ్ళు నిండాయి. పెద్దమ్మ కంగారు పడలేదు. తన పైటతో నా మొహం గట్టిగా తుడిచింది, చిన్నప్పుడు చీమిడి తుడిచినట్టే.

"నువ్వు రాలేదని నేను ఏనాడూ ఏడవలా. వచ్చిన రోజే ఏడుపొచ్చేది. చెప్పులు గుమ్మంలో విప్పీ విప్పకుండా, మళ్ళీ బస్సెన్నింటికి అంటావు చూడూ, అప్పుడు. నిన్ను ఊళ్ళు తిప్పింది ఎందుకే? నీ కాళ్ళు నీ మాట ఇంటాయని. చుట్టాలకి తలకాయ చూపించడానికా? ఏదన్నా దేశం చూసి రా. వచ్చి, ఇట్టా నా పక్కన కూచుని రెండు రోజులు ఆ కబుర్లు చెప్పు. నాకది చానా పెద్ద చుట్టరికం."

ఆ మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించి, ఇద్దరం చల్లటి బండల మీద పడుకున్నాం. నేను ఫోన్‌లో జార్జియా కొండలు చూపించాను. "మంచులో ఈళ్ళు బట్టలెట్టా ఆరేస్తారో" అంటూనే గురక పెట్టింది. ఆ గురక వింటూ పడుకున్నాను. నాకు ఎవరూ ఏ పనీ చెప్పలేదు. సెలవు మొదలైంది, అయిపోవడానికి ఒక్కరోజు ముందు.

లేచాక అత్తయ్యకు ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ఇవ్వాళ ఇక్కడే ఉంటాను. ఇంకో మాట. వచ్చే ఏడు వేసవికి నేను నరసరావుపేట రాను. సెలవు సగం ఏదైనా దేశం చూస్తాను. యోగేశ్ వస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కదాన్నే. మిగతా సగం చలికాలంలో వస్తాను. మీ దగ్గరా, పెద్దమ్మ దగ్గరా ఉంటాను. చుట్టాల ఇళ్ళకి మాత్రం తిరగను."

"ఆగు, మీ మామయ్య ఇక్కడే ఉన్నాడు" అంది అత్తయ్య. చెప్పుల శబ్దం, పెరటి తలుపు గడియ తీసిన శబ్దం.

"చెప్పండి అత్తయ్యా" అన్నాను.

"చెప్పేదేముందే" అంది సీతారావమ్మ గుసగుసగా. "వేసవిలో మా అక్కచెల్లెళ్ళందరూ క్రోసూరులో మా అక్క ఇంట్లో కలుస్తారు. నువ్వు వస్తావని, వండాలని, నీ పెళ్ళయిన కాడి నుంచీ నేను పోలా. రానన్న మాట మళ్ళీ మార్చవు కదా?"