మేడ మీద పడ్డ బంతులు

పొద్దున ప్రాక్టీసు మొదలైన కాసేపటికే కోచ్ మేడమ్ ఫోను మోగడం మొదలయ్యేది.

"మీ బంతి మా క్షౌరశాలలో పడిందండీ. అద్దం పగల్లేదు లెండి," అని ఒకాయన. "క్యాంటీన్లో పెద్ద గిన్నెలో పడింది, కడిగి పెట్టాం, వచ్చి పట్టుకెళ్లండి," అని ఇంకొకావిడ. మేడమ్ నోట్లోంచి విజిల్ తీసి, "అలాగేనండీ, ఏమనుకోకండి," అనేసి మళ్లీ నోట్లో పెట్టుకునేది. ప్రతి బంతి మీదా ఆమె నంబరు రంగుతో రాసి ఉండేది.

ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు తీరే అంత. మనసు అక్కడ లేకుండా బంతి విసిరితే అది రింగుదాకా పోదు. గాల్లోనే మాయమై, విసిరినవాళ్ల మనసు ఎక్కడుంటే అక్కడ పడుతుంది. ఆకలేస్తుంటే క్యాంటీన్లో, పరీక్షంటే భయమైతే పరీక్ష హాల్లో. ఊళ్లో అందరికీ అలవాటైపోయింది. వాన మొదలైతే ఆరేసిన బట్టలు తీసినంత మామూలుగా బంతి తీసి పక్కన పెట్టి, ఫోను చేసేవాళ్లు.

అందరికంటే ఎక్కువ బంతులు పోగొట్టేది తూనీగ. పొట్టిగా, సన్నగా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతుందని జట్టంతా పెట్టిన పేరది. బంతిని వెనకనుంచి తెచ్చి ఆట నడిపించే గార్డ్ తనే. అలాంటిది, బంతి చేతికి రాగానే చెయ్యి కాలినట్టు విసిరేసేది.

ఒకరోజు ప్రాక్టీసయ్యాక మేడమ్ దాన్ని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నీ చెయ్యి బాగానే ఉందమ్మా. ఎప్పుడు వెయ్యాలో తెలియకపోవడమే నీ రోగం. ముగ్గురు మీద పడుతున్నా వేస్తావు. ఒంటికాలి మీద వేస్తావు. రింగు కింద నిచ్చెన ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా నువ్వే వేస్తావు. ఏమిటా తొందర?"

నిచ్చెన అంటే జట్టులో అందరికంటే పొడుగు పిల్ల.

"చేతిలో ఉన్నది ఎవరో లాక్కుపోతారనిపిస్తుంది మేడమ్. పోయేదేదో నేనే పోగొట్టుకుంటే బాధుండదు కదా."

మేడమ్ దాని పక్కనే కూర్చుంది. "ఇంకో సంగతి. నీ బంతులు కొన్ని తిరిగి రావడం లేదు. ఫోనూ లేదు, బంతీ లేదు. ఎక్కడ పడుతున్నాయవి?"

తూనీగ బూటు తాడు ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. "మా అక్క దగ్గరేమో మేడమ్," అంది చిన్నగా.

అక్క ఇల్లు వదిలి వెళ్లి చాలా కాలమైంది. చదువు మధ్యలో ఆపేసి, లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుంటానంది. నాన్న ససేమిరా అన్నాడు. మాటా మాటా పెరిగింది. "ఇక నీకూ నాకూ మాటల్లేవు," అన్నాడాయన. అక్క ఆ రాత్రే సంచి సర్దుకుంది. ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. అమ్మ అడపాదడపా కళ్లు తుడుచుకునేది. నాన్న ఆ పేరే ఎత్తేవాడు కాదు.

మర్నాటినుంచి మేడమ్ తూనీగ వెంట పడింది. కోర్టులో మూడు చోట్ల సుద్దముక్కతో గీతలు గీసి, "ఇక్కడినుంచి తప్ప వెయ్యకు," అంది. పాదాలు కుదురుకోవాలి. ఎదురుగా చెయ్యి అడ్డం ఉండకూడదు. తనకంటే మంచి చోట ఎవరైనా ఉంటే వాళ్లకిచ్చెయ్యాలి. బంతి ఎత్తే ముందు, తన పాదాల కింద నేల తనకి తెలియాలి.

మొదట్లో తూనీగకి ఏడుపొచ్చేది. చెయ్యి లాగేది, వెంటనే విసిరెయ్యమనేది. మెల్లమెల్లగా, బంతి చేతిలో ఉండగా ఊపిరి తీసుకోవచ్చని తెలిసింది. ఆగితే కోర్టంతా కనిపించేది: ఎవరు అలిసిపోయారో, ఎవరు ఎటు ఒరుగుతున్నారో, నిచ్చెన ఎక్కడుందో. విసిరినవి తగ్గాయి, రింగులో పడేవి పెరిగాయి. మేడమ్ ఫోను మోగడం దాదాపు మానేసింది. ఎన్నడూ లేనిది జట్టు ఫైనల్‌కి వచ్చింది. ఆట వాళ్ల కోర్టులోనే.

ఫైనల్ రోజు సాయంత్రం ఒకమ్మాయి మేడమ్ గదికొచ్చింది. చేతిలో పెద్ద గోనెసంచి, గోళ్ల సందుల్లో గ్రీజు నలుపు. సంచి విప్పితే నిండా బంతులే.

"నేనుండేది ఏడంతస్తుల మేడ మీద గదిలోనండీ. అక్కడ పడేవి. ఇచ్చేద్దామనే అనుకున్నా, చేతులు రాలేదు. దాదాపు రోజూ పడేవి. ఈమధ్య ఒక్కటీ రావడం లేదు. చెల్లికి ఒంట్లో బాగాలేదేమోనని..."

"నిక్షేపంలా ఉంది," అంది మేడమ్. "ఆట నేర్చుకుంది, అంతే."

ఆ అమ్మాయి ముఖంలో సంతోషం వచ్చి, అంతలోనే ఏదో వెలితి వచ్చింది. "అయితే నన్ను మర్చిపోయిందన్నమాట. మంచిదే. వెళ్తానండీ."

"ఎక్కడికి వెళ్తావు? వెళ్లి కూర్చో. చూసి వెళ్లు."

ఆట ముగియబోతుండగా జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. తూనీగని ఎవరో తోసేశారు. గీత దగ్గర నిలబడి, ఎవరి అడ్డూ లేకుండా రెండుసార్లు వెయ్యొచ్చన్నాడు రిఫరీ. తూనీగ బంతి ఎత్తింది. కళ్లు ఎందుకో పైవరస మీద పడ్డాయి. అక్క.

బంతి అప్పటికే చేతులు దాటింది. గాల్లో మాయమై అక్క ఒళ్లో పడింది.

జనం గొల్లున నవ్వారు. తూనీగ ఆట చూడ్డానికొచ్చి అవతలి చివర కూర్చున్న నాన్న కూడా అటు తిరిగాడు. చూశాడు.

"బంతియ్యమ్మా," అని రిఫరీ కేకేశాడు. అక్క బంతిని గుండెకి హత్తుకుని కదల్లేదు. నాన్న లేచాడు. మోకాళ్లు తప్పించుకుంటూ, క్షమించండంటూ, మెట్లెక్కి వెళ్లాడు. అక్క ముఖం చూడకుండా చెయ్యి చాపాడు.

"ఇటియ్యి. ఆట ఆగిపోయింది."

బంతి అందుకుని, కింద నిలబడ్డ తూనీగ వైపు బలంగా విసిరాడు. బంతి కొంచెం దూరం పోయి మాయమైంది. మళ్లీ అక్క ఒళ్లోనే పడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాన్న తన ఖాళీ చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత అక్క పక్కన చతికిలబడ్డాడు.

"చిక్కిపోయావు," అన్నాడు.

"నువ్వు కూడా నాన్నా."

మేడమ్ అక్క తెచ్చిన సంచిలోంచి వేరే బంతి తీసి రిఫరీకిచ్చింది. రెండోసారి వెయ్యడానికి తూనీగ పాదాలు సర్దుకుంది. ఇప్పుడు వెళ్లడానికి మనసుకి వేరే చోటేం లేదు. బంతి రింగుని తాకకుండా వలలోకి జారిపోయింది. స్కోర్లు సమానమయ్యాయి. అదనపు సమయంలో చివరి బంతి తన చేతికొచ్చినప్పుడు ఇద్దరు మీదికొచ్చారు. ఆగింది. నిచ్చెన ఖాళీగా ఉంది. ఇచ్చేసింది. గెలిచారు.

ఎలా గెలిచారని తర్వాత అమ్మ అడిగితే నాన్న చెప్పలేకపోయాడు. ఆయన చూడనేలేదు.

ఆటయ్యాక నాన్న, అక్క, తూనీగ బస్టాపులో నిలబడ్డారు. ఇంటికెళ్లే బస్సు వచ్చి ఆగింది. నాన్న ఎక్కలేదు.

"నీ గది ఎక్కడ?" అన్నాడు అక్కతో.

"అటు వైపు. రెండు బస్సులు మారాలి."

"పద, చూపించు."

"ఇప్పుడా నాన్నా? అమ్మ ఎదురుచూస్తుంటుందేమో."

"ఇప్పుడే. ఆవిణ్ణి కూడా అక్కడికే రమ్మందాం," అని నాన్న జేబులో ఫోను వెతుక్కున్నాడు.