ఇరవై ఒక్క మెట్లు

పక్కవాళ్ళ గొప్ప చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునే గుణం నాది. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది.

నేనూ, నా గదిలోనే ఉండే స్నేహితురాలూ ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతున్నాం. తనని కాలేజీలో అందరూ పిచ్చుక అంటారు. మనిషి పిడికెడు. పెన్సిల్ పట్టిందంటే మాత్రం పెచ్చులూడిన గోడ కూడా ముద్దొస్తుంది. నన్ను కొలతలమ్మ అంటారు. టేపు పట్టానంటే నా లెక్క తప్పదు. అయినా బొమ్మను చూసి 'అబ్బ' అంటారు గానీ, కొలతను చూసి ఎవరంటారు?

వరసగా మూడు రోజులు సెలవులొస్తే రైలెక్కి, సరిహద్దు దాటి, పరాయి దేశపు నగరానికి వెళ్ళాం. అక్కడ ఓ పాత లైబ్రరీలోని మెట్లను కొలిచి గీసుకురావాలి. ఎవరి షీటు బాగుంటే వాళ్ళను మాస్టారు వేసవిలో తన ఆఫీసులో పెట్టుకుంటారు. ఒక్కరినే. ఆ కుర్చీ కోసం నేను రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. "కలిసెళ్దామే, ఒక్కదాన్నే అంటే బెంగ నాకు" అన్నది పిచ్చుకే.

మొదటిరోజు ఇద్దరం టేపు పట్టి అంతస్తుల ఎత్తులు కొలుచుకున్నాం. కింది వరస మెట్లు గీయడం మొదలుపెట్టామో లేదో, కాపలాదారు వచ్చి పిచ్చుక వెనక నిలబడ్డాడు. కాసేపు చూసి, వెళ్ళి పిచ్చుకకో కుర్చీ తెచ్చి వేశాడు. పక్కనే నేలమీద కూర్చున్న నేను ఆయన కంటికి ఆనలేదు. సాయంత్రం రొట్టెల షాపులోనూ అంతే. పిచ్చుక ఆ షాపామె చేతులను కాగితం సంచీమీద గీసిచ్చింది. ఆవిడ మురిసిపోయి ఇంకో బన్ను చేతిలో పెట్టింది. పిచ్చుక అందులో సగం నాకిచ్చింది. తిన్నాను. అరగలేదు.

ఒకరి కంచంలోకి తొంగిచూస్తే మన కంచంలో అన్నం చల్లారిపోతుందని మా అమ్మ అంటుంది. నాది ఎప్పుడో చల్లారిపోయింది.

రెండోరోజు పొద్దున బస్సు దిగుతూ పిచ్చుక కాలు బెణికించుకుంది. నా భుజం పట్టుకుని కుంటుకుంటూ లైబ్రరీ దాకా వచ్చింది గానీ, పైకి ఎక్కలేకపోయింది.

"పై వరస నువ్వు చూసిరావే. మెట్లెన్నో చెప్తే చాలు, మిగతాది ఇక్కణ్ణుంచే గీసేస్తా. నీ లెక్కకి తిరుగేముంది!"

ఎక్కాను. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇరవై ఒకటి. నా షీటులో రాసి, కింద గీత కూడా గీసుకున్నాను. దిగి వచ్చేసరికి తను రెయిలింగ్ వంపు పూర్తిచేసేసింది. కాపలాదారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు.

"పందొమ్మిది" అన్నాను.

తల కూడా ఎత్తకుండా రాసుకుంది. ఆ నమ్మకం చూసి నాకింకా ఒళ్ళు మండింది.

మూడోరోజు మధ్యాహ్నం తిరుగు రైల్లో నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. పిచ్చుక మోచేత్తో పొడిచింది. ఎదురుగా బల్లమీద తన షీటు, కాలిక్యులేటర్ ఉన్నాయి.

"ఏమే, పై వరస ఎత్తు మూడొందల డెబ్భై ఎనిమిది సెంటీమీటర్లు కదా. పందొమ్మిదితో భాగిస్తే ఒక్కో మెట్టు ఎత్తు ఇరవై దాకా వస్తోంది. కింది వరసలో పద్దెనిమిదే! అలిసిపోయి రెండు మెట్లు వదిలేసినట్టున్నావు. నా కాలు మూలంగా నీకు రెండింతలు తిరుగుడైంది, పాపం. నీ షీటు కూడా ఇటివ్వు, మాస్టారు చూడకముందే దిద్దేద్దాం. ఇలాంటి తప్పు కనిపిస్తే ఆయన నిన్ను పక్కన పెట్టేస్తారు."

కొలతలమ్మనట! ఎత్తు నా చేత్తోనే కొలిచి, భాగహారం సంగతే మరిచిపోయాను. వద్దనేలోపే తను నేను షీటు చుట్టిపెట్టుకున్న గొట్టం మూత తీసి, షీటు లాగి పరిచింది. వేలు పెట్టి ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ పైదాకా వెళ్ళింది. అక్కడ నా చేతిరాత ఉంది. ఇరవై ఒకటి, కింద గీత, నిన్నటి తేదీ.

వేలు అక్కడే ఆగిపోయింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

నా షీటు జాగ్రత్తగా చుట్టి, గొట్టంలో పెట్టి, మూత బిగించి నా ఒళ్ళో ఉంచింది. తర్వాత తన షీటులో పందొమ్మిదిని చెరిపి, రబ్బరు పొట్టు ఊదింది.

"నీది సరిగ్గానే ఉందే" అంది.

మా స్టేషనొచ్చింది. ముందుగా దిగి చెయ్యి అందించాను. రైలుకి ఉన్నవి మూడే మెట్లు. పిచ్చుక కమ్మీ పట్టుకుని, ఆగి ఆగి, తనే దిగింది.