గేటు పడినప్పటి మాట

భీమడోలు రైలు గేటు పడితే అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం సంబరం. స్కూటరు ఆపి, వెనక కూర్చున్న మా అమ్మాయి గౌతమికి ఎవరూ వినని ఇంగ్లీషు మాట ఒకటి చెబుతాను, అర్థంతో సహా. గేటు లేచేలోగా దాంతో తను ఒక వాక్యం కట్టాలి. మూడో తరగతి నుంచీ బడికెళ్లేటప్పుడు మాకిదే ఆట. ఏలూరు కరెంటాఫీసులో గుమాస్తాగా పడున్న నన్ను ఈ భూమ్మీద పండితుణ్ణి అనుకునే మనిషి అదొక్కతే.

తొమ్మిదో తరగతిలో హిమబిందు మేడమ్ దాపురించింది.

"నాన్నా, డీఫెనెస్ట్రేషన్ అంటే మనిషిని కిటికీలోంచి బయటికి గిరాటెయ్యడమట. మా మేడమ్ చెప్పారు," అంది గౌతమి ఒకరోజు, నేను నోరు తెరవకముందే. ఎవరిని గిరాటెయ్యాలో నాకు వెంటనే తోచింది.

ఆ తరవాత అన్నం దగ్గర మేడమ్, జడ వేయించుకుంటూ మేడమ్. నేనేం చెప్పినా "అది తెలుసు నాన్నా, మేడమ్ చెప్పేశారు" అనేది. ఒళ్లు మండిపోయేది.

"ఈ వయసులో పంతులమ్మతో పోటీ ఏవిటండీ మీకు?" అని మా ఆవిడ శ్యామల నవ్వింది.

పోటీయే మరి! ఆఫీసులో ఫైళ్లు పక్కకు నెట్టి ఫోన్లో మాటలు వెతికాను. చివరికి ఒకటి దొరికింది.

"గాంగూజ్లర్!" అన్నాను మర్నాడు గేటు దగ్గర, మీసం దువ్వుకుంటూ.

గౌతమి స్కూటరు అద్దంలో నా మొహం చూసింది. "తెలీదు నాన్నా."

"మీ మేడమ్ చెప్పలేదూ?"

"లేదు. మీరే చెప్పండి."

కాలువ గట్టున పనీపాటా లేకుండా నిలబడి పడవల్ని చూసేవాడని చెప్పాను. "భలే ఉంది నాన్నా!" అంది. ఆ రోజంతా నేను నేల మీద లేను.

ఆ శనివారమే బళ్లో పేరెంట్స్ మీటింగు. హిమబిందు మేడమ్ నన్ను చూడగానే లేచి నిలబడింది.

"రండి సార్. మీ అమ్మాయి మహా చురుకండీ. పోయిన నెల గాంగూజ్లర్ అనే మాట చెబితే ఎవరికీ ఎక్కలేదండీ. గౌతమే లేచి, ఏలూరు కాలువ గట్టున నిలబడే జనంలా నటించి మరీ చూపించింది. క్లాసంతా ఒకటే నవ్వులు!"

నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

ఇంటికి వచ్చేటప్పుడు స్కూటరు నెమ్మదిగా నడిపాను.

"ఆ మాట నీకు ముందే తెలుసటగా? తెలిసీ తెలీదన్నావేం?"

"మీరు అంత సరదాపడి చెబుతుంటే..." అని నసిగింది గౌతమి.

కోపం రాలేదు. ఆశ పుట్టింది, సిగ్గులేని ఆశ.

"మరి నేను ముందే నేర్పిన మాట మేడమ్ చెబితే? అప్పుడూ తెలీదనే అంటావా?"

"అబ్బే, తెలుసనే చెబుతాను నాన్నా," అంది వెంటనే. "ఆవిడేం బాధపడరు."